నూతన లేఖకుడు: గణితగ్రంథముల ఛాయాప్రతులను గూర్చి

1825వ సంవత్సరము మే 31వ తేదీ రాత్రి ఒక చంద్రగ్రహణము సంభవించెను. పుదుచ్చేరి పట్టణమున పంచాంగగణనము వృత్తిగాగల ఒకడు ఆ గ్రహణమును గుణించిన తీరును జాన్ వారెన్ అను ఖగోళజ్ఞుడు చూచి వ్రాసిపెట్టెను. గణకుని చేత కాగితము లేదు, గంటము లేదు. నేలమీద గవ్వలు పేర్చి, వానిని జరుపుచు, తనకు కంఠస్థములైయున్న పదములలోనుండి కావలసిన సంఖ్యలను తీసికొనుచు అతడు గ్రహణకాలములను చెప్పెను. స్పర్శకాలమున 4 నిమిషములు, మధ్యకాలమున 23 నిమిషములు, మోక్షకాలమున 52 నిమిషములు తేడా వచ్చినది. అతనికి సిద్ధాంతభాగము తెలియదనియు, జ్ఞాపకశక్తి మాత్రము మిక్కుటమనియు వారెన్ అభిప్రాయపడెను. కావచ్చును. కాని ఆ జ్ఞాపకమున నిలిచియున్నది కొన్ని శతాబ్దుల గ్రంథము.

వారెన్ ఈ వృత్తాంతమును చేర్చిన ‘కాలసంకలితము’ ఆ సంవత్సరముననే మద్రాసులో అచ్చుపడెను. అతడు పుట్టుకచే ఫ్రెంచివాడు, కొలువుచే ఆంగ్లేయులవాడు. కొంతకాలము మద్రాసు నక్షత్రశాలను నడపెను. 1830లో పుదుచ్చేరియందే కాలధర్మము నొందెను. నేడా గ్రంథమును చూడగోరువాడు ఏ గ్రంథాలయాధికారికిని అర్జీ పెట్టుకొననక్కరలేదు. ఇంట కూర్చుండి తెరమీద పుటలు త్రిప్పుకొనవచ్చును. శిథిలమగుచున్న ప్రాచీన గణితగ్రంథములకు ఛాయలు తీసి, ఎల్లరకు ఉమ్మడిగా నుండు గ్రంథాలయమున చేర్చుచున్న ఈ ఉద్యమమును తక్కువచేసి మాటాడుట నా యుద్దేశము కాదు. ఇట్టి సౌలభ్యము మన పూర్వపండితులకు కలలోనైనను తోచియుండదు. అయితే ఒక ప్రతి చేతికి వచ్చినప్పుడు పరిష్కర్తలు అడుగు ప్రశ్నలు కొన్ని కలవు. ఇది దేనికి ప్రతి? వ్రాసినవాడెవడు? ఏమి విడిచెను? ఎచ్చట తడబడెను? తాళపత్రముల విషయమున ఈ ప్రశ్నలను వేసి వేసి మన పెద్దలు అలసిపోయిరి. ఛాయాప్రతుల విషయమున మనము ఒక్కటియు వేయలేదు. యంత్రము తీసినది గనుక యథాతథమని నమ్మి ఊరకుంటిమి.

వారెన్ కంటె అర్ధశతాబ్ది ముందే లె జాంతీ అను ఫ్రెంచి ఖగోళజ్ఞుడు ఇదే పట్టణమున ఇదే విద్యను చూచెను. అతని కథ విచిత్రమైనది. 1761లో శుక్రుడు సూర్యబింబమును దాటుట పుదుచ్చేరినుండి చూడవలెనని బయలుదేరి వచ్చుసరికి పట్టణము ఆంగ్లేయుల వశమైయుండెను. సంక్రమణదినమున అతడు ఊగులాడు ఓడమీద నుండెను. మరియొక సంక్రమణమునకై ఎనిమిదేండ్లు తూర్పుసముద్రములలో వేచి, 1769 జూన్ నెలలో పుదుచ్చేరిలో యంత్రములు నిలుపుకొని కూర్చుండగా ఆ ఉదయమే మబ్బు క్రమ్మెను. కనబడని శుక్రునికంటె ఇచ్చట అతనికి దొరకిన గణకుడే శాస్త్రచరిత్రకు ఎక్కువ లాభమని చెప్పవచ్చును. 1765 ఆగస్టు 30వ తేదీనాటి చంద్రగ్రహణపు వ్యాప్తికాలమును ఆ గణకుడు గవ్వలతో లెక్కింపగా 41 సెకనులు తక్కువ వచ్చెను. ఐరోపాలో మిక్కిలి పేరొందిన టోబియాస్ మాయర్ పట్టికలతో లెక్కింపగా 68 సెకనులు ఎక్కువ వచ్చెను. లె జాంతీ తన యాత్రాగ్రంథమున ఈ పద్ధతిని వివరించెను. దాని రెండు సంపుటములు 1779, 1781 సంవత్సరములలో పారిస్‌లో వెలువడినవి.

రెండు గ్రంథములును అచ్చులోనే యున్నవి. పెద్ద గ్రంథాలయములలో బీరువాలయందు భద్రముగనే యున్నవి. అయినను వానిని ఒకదానిప్రక్క నొకటి పెట్టి, అంకెకు అంకె సరిచూచి, ఆ గవ్వల లెక్కవెనుక నున్న శాస్త్రమును వెలికి తీయుటకు 1952 వరకు ఆగవలసివచ్చెను. ఆ పని చేసినవాడు ఆటో నాయ్గెబావర్. చంద్రుని గమనమును 248 దినముల ఆవృత్తిగా పట్టి చేసిన ఆ గణనమునకును బాబిలోనియావారి అంకగణితపద్ధతులకును గల పోలికను అతడు చూపెను. పదేండ్లకు, 1962లో, కుప్పన్నశాస్త్రి, కె. వి. శర్మగారలు ‘వాక్యకరణము’ను పరిష్కరించి మద్రాసులో ప్రకటించిరి. పుదుచ్చేరి గణకుడు కంఠమున నిలుపుకొన్న పదములు ఎట్టివో దానివలన స్పష్టమగును. వరరుచిపేర ప్రసిద్ధములైన చంద్రవాక్యములు 248. ఒక్కొక్క వాక్యము కటపయాదిసంజ్ఞచే ఒక్కొక్క దినపు చంద్రస్థానమును తెలుపును. వాక్యమునకు వాక్యముగ అర్థముండును, సంఖ్యగను అర్థముండును. పిల్లవాడు శ్లోకము వల్లించినట్లు వల్లించినచో ఒక పట్టిక యంతయు నోటికి వచ్చును.

భద్రపరచుట వేరు, చదువుట వేరు అని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. నూట డెబ్బదియేండ్లకు పైగా బీరువాలోనున్న గ్రంథమునకును, నేడు తెరపైనున్న గ్రంథమునకును చదువరి లేనిచో భేదము కొంచెమే.

పుదుచ్చేరిలోనే మరియొక ఉదాహరణము కలదు. ఆ పట్టణము భారతదేశమున కలిసిన పిమ్మట, ఆ ఒడంబడిక ననుసరించి 1955లో ఫ్రెంచి పరిశోధనసంస్థ ఏర్పడెను. జాన్ ఫిలియోజా దానికి తొలి అధ్యక్షుడు. సముద్రపుగాలి తగులు ఆ భవనమున ఎనిమిది వేలకు మించిన తాళపత్రపు కట్టలు చేరినవి. ఫ్రెంచివారి దూరప్రాచ్య విద్యాసంస్థవారి ప్రతులతో కలిపి ఈ సంచయము సుమారు 11,000 ప్రతులుగా లెక్కకు వచ్చి, 2005లో యునెస్కోవారి ‘ప్రపంచస్మృతి’ పట్టికలో స్థానము పొందెను. అందు ప్రధానభాగము శైవాగమములు. గ్రంథలిపి ఎక్కువ. సంస్థ పండితులు కాగితముపై ఎత్తి వ్రాసికొన్న ప్రతులకు ఛాయలు తీయబడి, ఇప్పుడు దూరదేశములవారును చదువుకొనుటకు వీలు కలిగినది.

గణితమును గూర్చిన పరిశ్రమయు ఆ సంస్థయందు జరిగినది. ‘ఎణ్‌సువడి’ అను ఎక్కముల పుస్తకములను, కారి నాయనార్ రచించిన ‘కణక్కదికారము’ మొదలగు తమిళ గణితగ్రంథములను ఆధారముగా గొని డి. సెంథిల్ బాబు చేసిన పరిశోధనము 2022లో ఆంగ్లగ్రంథముగ వెలువడెను. అరుగుబడులలో పిల్లలు ఆ ఎక్కములను ఏ క్రమమున నేర్చిరో, నేల కొలుచువాడును, ధాన్యము కొలుచువాడును, గ్రామలెక్కలు వ్రాయు కరణమును ఆ విద్యను ఎట్లు వాడిరో అందు కనబడును. భిన్నముల ఎక్కములు చెప్పుకొని బ్రదికిన జాతులలో మనమును ఉన్నాము. వీసము, కాని, పరక అను మాటలు మన ముత్తవ్వల నోట నిత్యము ఆడినవే. అయినను తెలుగు వీథిబడుల లెక్కల పుస్తకములమీద అంతటి గ్రంథము నాకు కనబడలేదు.

ఛాయ తీయు పనిని ఒకసారి దగ్గరనుండి చూచినవారికి అది యాంత్రికమను భ్రమ తొలగిపోవును. తాటియాకుపై గంటముతో గీచిన అక్షరమునకు స్వతస్సిద్ధమైన రంగు లేదు. మసి పూసినగాని అది కంటికి ఆనదు. మసి పోయిన ఆకునకు ఎదురుగ వెలుగు పెట్టి ఛాయ తీసినచో శూన్యపత్రము వచ్చును. అదే వెలుగు ప్రక్కనుండి వాలుగ పడినచో గీతలలో నీడ నిలిచి అక్షరము లేచి కనబడును. ఆకున ఉన్నదా లేదా అను సంశయముగల చుక్కను, అడ్డగీతను అట్టివాడు ఉన్నదిగనో లేనిదిగనో చేయుచున్నాడు. దీపమును ఎటు త్రిప్పవలెనో నిర్ణయించు పనివాడు, తెలిసియో తెలియకయో, పాఠనిర్ణయము చేయుచున్నాడు. కాగితపు పుస్తకమునకైనను ఇట్టిదే చిక్కు. వెన్ను విరుగకుండ రెండు పలకలు వాలుగ నమర్చిన తొట్టెవంటి పీఠముమీద సగము తెరచి ఉంచి తీయవలెను. తొందరపడువాడు పుస్తకమును బల్లపరుపుగ నొక్కును. కుట్టుదగ్గరి అంకెలు వంగి మ్రింగుడుపడును. పెక్కు శాస్త్రగ్రంథముల చివర మడతపెట్టి అంటించిన పటములు, పట్టికలు ఉండును. ఛాయాప్రతులు అనేకములందు ఆ మడతను విప్పిన పాపమున పోలేదు. గ్రంథమంతయు ఏ పట్టికకొరకు వ్రాయబడెనో ఆ పట్టికయే మడతలో దాగి మిగిలినది.

ఇచ్చట లోకమున సామాన్యముగ తలచుదానికి విరుద్ధమైన సంగతి యొకటి కలదు. ఎంత పాతదో అంత శిథిలమని కాదు. 1825నాటి అచ్చుపుస్తకములు గుడ్డపీలికలతో చేసిన కాగితముపై నుండుటచేత ఇంకను వంగును. ఆ తరువాత కొయ్యగుజ్జుతో చేసిన చవుక కాగితము వచ్చెను. దానిలోని ఆమ్లము దానినే తినును. అందుచే మన తాతలు చదివిన లెక్కల పుస్తకములు వారి తాతలకు ముందటి పుస్తకములకంటె ముందుగ పొడియగుచున్నవి. పైగా పాఠ్యపుస్తకమును ఎవరు దాచిరి? కావ్యమును పట్టుబట్టలో చుట్టి పెట్టిరి. లెక్కల పుస్తకము ఒక పిల్లవానినుండి మరియొక పిల్లవానికి పోయి, అట్ట ఊడి, చివరకు పొట్లముల కొట్టు చేరెను. ఏది ముందు ఛాయ తీయవలెనను ప్రశ్నకు వయస్సు ప్రమాణముగ తీసికొనువారు ఈ విషయమును ఆలోచింపవలెను.

ఇక నా ప్రధానమైన మాట. యంత్రము మనకు వచ్చిన నూతన లేఖకుడు. ప్రాచీన లేఖకుని ప్రమాదములను మనము బాగుగ నెరుగుదుము. వాడు మనిషి గనుక అర్థమువైపు తప్పును. తెలియని మాటను తెలిసిన మాటగ మార్చును. ఒక పంక్తిలోని మాట క్రింది పంక్తిలోను కనబడినచో నడుమ నున్నదానిని దాటిపోవును. తనకు రుచింపని పాఠమును దిద్దును. ఆ తప్పులకు ఒక మనస్సు కలదు గనుక పరిష్కర్త ఆ మనస్సును పట్టి వెనుకకు నడచి మూలమును చేరగలడు. యంత్రము రూపమువైపు తప్పును. దాని తప్పునకు కారణము అడిగిన చెప్పదు.

2013లో జర్మనీదేశీయుడైన డేవిడ్ క్రీజెల్ ఒక గృహనిర్మాణపటమును జిరాక్సు యంత్రముపై స్కాను చేయగా ఒక వింత బయటపడెను. మూలమున మూడు గదుల వైశాల్యములు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. ప్రతిలో మూడింటికిని 14.13 అనియే పడెను. అక్షరములు మసకబారలేదు, చెదరలేదు. అచ్చు గ్రుద్దినట్లు స్పష్టముగ నున్నవి. తక్కువ చోటున ఎక్కువ పుటలు పట్టించుటకై ఆ యంత్రము ఒకదానినొకటి పోలిన గుర్తులను ఒకటే యని భావించి, ఒకదాని బొమ్మను మరియొకదానిచోట అతికించినది. ఆరు ఎనిమిదిగ మారిన ఉదాహరణములును కనబడెను. కావ్యమున ఇట్లు జరిగిన యెడల చదువరి ఆగును. ‘రాముడు’ ‘రాయుడు’ అయినచో కథ ఒప్పుకొనదు. పట్టికలో 6 పోయి 8 వచ్చినచో ఎవ్వడును ఆగడు. సంఖ్యకు ప్రక్కనున్న సంఖ్యతో అన్వయము లేదు.

మన పూర్వులకు ఈ భయము తెలియును. కావుననే వారు అంకెను అంకెగ వ్రాయుటకు ఇష్టపడలేదు. ఈ విషయమున తెలుగువారి సొత్తు ఒకటి కలదు. దానిని చూపుటకు పుదుచ్చేరినుండి కొంత ఉత్తరమునకు పోవలెను. దూరమే యైనను పరాయి చోటు కాదు. పుదుచ్చేరి ప్రాంతమున భాగమైన యానాము గోదావరి ఒడ్డున తెలుగునాటి నడుమనే యున్నది. యానాముదాటి, కాకినాడమీదుగ పోయిన పిఠాపురము, దాని చెంత నవఖండవాడ. పావులూరి మల్లనతో ముడివడిన అగ్రహారమిది.

మల్లన ‘సారసంగ్రహగణితము’ తెలుగున మనకు దక్కిన శాస్త్రగ్రంథములలో మొదటి వరుసలోనిది. సుమారు 850 ప్రాంతమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన ‘గణితసారసంగ్రహము’ దీనికి మూలము. మహావీరుడు జైనుడు, అతని ఉదాహరణములలో జినాలయములు, జినపూజలు వచ్చును. మల్లన వానిని శివపరములుగ మార్చెను. మన సాహిత్యచరిత్రకారులు మల్లనకు ఇచ్చిన చోటు చిన్నది. ఆ చిన్న చోటున గూడ రాజరాజనరేంద్రునినుండి అగ్రహారమందినది ఈ మల్లనయా, తాతయైన మల్లనయా అను వాదమే నిండియున్నది. అతని కాలనిర్ణయమునకు వెచ్చించిన సిరాలో పదవవంతు అతని లెక్కలకు వెచ్చింపబడలేదు. గణితము కవిత్వమా అని అడిగి, కాదని తేల్చి, పుట త్రిప్పిరి. నా దృష్టిలో ఆ ప్రశ్నయే అనావశ్యకము. ఇందలి పద్యమునకు గల ప్రయోజనమును చూడవలెను.

చదరంగపు అరువదినాలుగు గళ్ళలో మొదటిదానిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుకొని పోయిన మొత్తమెంత? 18446744073709551615. ఇరువది స్థానముల సంఖ్య. ఈ సంఖ్యను మల్లన ఒక పద్యమున భూతసంఖ్యలలో నిలిపెను. చంద్రుడనిన ఒకటి, గగనమనిన సున్న, వేదమనిన నాలుగు, శరమనిన అయిదు. ఒకట్ల స్థానమునుండి ఎడమవైపునకు నడక. నేనే ఒక చిన్న ఉదాహరణము కల్పించి చెప్పెదను. ‘రామ గగన శర’ అన్నచో ఒకట్ల చోట 3, పదుల చోట 0, వందల చోట 5, అనగా 503. లేఖకుడు ‘గగన’ను ‘నగ’ అని వ్రాసెననుకొందము. సున్న ఏడుగ మారినది. కాని పద్యమున ఒక లఘువు తరుగును, గణము విరుగును, చెవి ఒప్పుకొనదు. ‘భువన’ అని వ్రాసినచో గణము సరిపోవును, విలువ మూడగును. అప్పుడు యతిస్థానమునో, ప్రాసస్థానమునో ఆ మాట పడినయెడల అక్షరమైత్రి పట్టించును. యతిస్థానమున ఇట్లు అక్షరమైత్రి పాటించుట, ప్రాస తప్పనిసరి యగుట సంస్కృతమున లేవు, వృత్తమొకటే కాపు. మహావీరుని సంఖ్యలకు ఒక తాళము, మల్లన సంఖ్యలకు మూడు తాళములు. అనువాదమున మూలముకంటె దిట్టమైన పాత్ర దొరకినదని చెప్పుటకు జంకనక్కరలేదు. నాలుగవ తాళము గణితమే. రెండును అరువదినాలుగుసార్లు హెచ్చించి ఒకటి తీసివేసిన పాఠము సరియా కాదా తేలిపోవును. కవి అభిమతపాఠమును ఋజువుచేసి చూపగల భాగ్యము భారతమును పరిష్కరించినవారికి లేదు. ఈ పద్యమును పరిష్కరించువారికి కలదు.

ఛందస్సు తెలిసి, భూతసంఖ్యలు తెలిసి, కొంచెము లెక్కయు వచ్చినవాడే ఈ తాళములు తీయగలడు. యంత్రమునకు ఇవి తాళములని తెలియదు. పుటలోని బొమ్మను అక్షరములుగ మార్చు యంత్రము తెలుగుపుటను చదువునపుడు ‘ప’, ‘వ’, ‘ష’లను పొరపడును, సున్న అంకెయు, నిండుసున్నయు దానికి ఒకే వలయము. భూతసంఖ్యాపదములు సంధులలో కరగి దీర్ఘసమాసముగ నుండగా దానిని 0 అనియు 7 అనియు వెదకువారికి అది దొరకదు. భిన్నములగతి మరియు దయనీయము. మన పూర్వపు లెక్కలలో కాలు, అర, ముక్కాలు నిలువుగీతలు, వీసములు అడ్డగీతలు, మరల కానులకు నిలువుగీతలు. నాలుగింట నాలుగింట భాగించుకొని పోవు అందమైన పద్ధతి. నిలువుగీతను యంత్రము విరామదండమనుకొనును. అడ్డగీతను మురికి యనుకొని తుడిచివేయును. ఈ గుర్తులకు యూనికోడ్ పట్టికలో చోటు దొరకినది 2008లో. భిన్నములకు ఏడు గుర్తులు, తూమునకు ఒకటి. చోటు దొరకినది గాని, వానిని వాడి ఎక్కించిన పాత లెక్కల పుస్తకములు నాకంటబడినవి మిక్కిలి అరుదు.

మహావీరుని మూలమును మద్రాసు ప్రభుత్వము తరఫున 1912లో ఆంగ్లానువాదముతో ప్రకటించినవారు రంగాచార్యులవారు. ఆయన పీఠికను నేటి ఛాయాగ్రంథాలయ నిర్వాహకులు ఒక్కసారి చదివిన మేలు. మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున దొరకిన మూడు ప్రతులును అసంపూర్ణములనియు, ఏది కాగితము, ఏది తాళపత్రము, ఏది గ్రంథలిపి, ఏది కన్నడలిపి యనియు, పిమ్మట మైసూరునుండియు మూడబిదిరెనుండియు వచ్చిన ప్రతులెట్టివనియు ఆయన చెప్పిరి. వల్లభుడను వ్యాఖ్యాత కన్నడవ్యాఖ్యతోపాటు తెలుగువ్యాఖ్యయు రచించితినని చెప్పుకొన్న విషయమును అచ్చటనే పేర్కొనిరి. తెలుగువారికి అది ఎంత విలువైన జాడ! ఆ 1912నాటి పుస్తకమునకే నేడు ఛాయాప్రతులు కలవు. మూలప్రతులను గూర్చి అంత శ్రద్ధగ చెప్పిన గ్రంథమునకు తీసిన ప్రతి, తన్ను గూర్చి తాను ఏమియు చెప్పుకొనదు. ఏ గ్రంథాలయపు పుస్తకమునకు ఛాయ తీసిరి? పుటలు లోపించినవా? మడతలు విప్పిరా? అంచులు కత్తిరించిరా? మౌనమే సమాధానము.

తెలుగు పుస్తకములకు జరిగిన మహోపకారమును మరచుట కృతఘ్నత. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి అమెరికాలో ఆచార్యపదవి నధిష్ఠించిన రాజ్ రెడ్డి మొదలగువారి పూనికతో, ఈ శతాబ్ది మొదటి సంవత్సరములలో పది లక్షల పుస్తకముల ఛాయలు తీయు పథకము సాగెను. బెంగుళూరు, హైదరాబాదు విద్యాసంస్థలు అందు పాల్గొనినవి. భారత డిజిటల్ గ్రంథాలయము వెలసెను. నా తరమువారు చూడక పోవలసిన వేల తెలుగుపుస్తకములు చూచినది దానివలననే. కాని ఆ పుస్తకముల పేరుపట్టికలను ఎవరు వ్రాసిరో గాని, ల-ళలు, న-ణలు, హ్రస్వదీర్ఘములు రోమనులిపిలో నలిగి, ఒక కవి పేరు నాలుగు విధములుగ, ఒక గ్రంథము మూడు గ్రంథములుగ కనబడెను. ఆ జాలస్థలము తరువాత మూతపడగా, అనేక గ్రంథములు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు తరలిపోయి బ్రదికినవి. వానితో ఆ పేర్ల వికృతులును అట్లే తరలిపోయినవి. శబ్దార్థచంద్రికలు తిరుగవేసిన మనకు ఇది సాహిత్యకృత్యముగ తోచకపోవుట ఆశ్చర్యము. పుస్తకము ఉండియు దొరకకపోవుట చెదలు తినుటకంటె మేలు కాదు.

ముందు అన్నిటికిని ఛాయలు తీయుడు, తప్పులు తరువాత చూచుకొందము అను వాదము కలదు. సగము నిజము. కొయ్యగుజ్జు కాగితము మన పాండిత్యముకొరకు ఆగదు. రంగాచార్యులవంటివారు ప్రతి పుస్తకమునకు పీఠిక వ్రాయువరకు కూర్చుండిన పీఠికలు మిగులును, పుస్తకములు మిగులవు. కావున నేను మహాపరిష్కరణమును కోరను. ఏ ప్రతినుండి తీసితిమో, ఏ పుట లేదో, ఏ మడత విప్పలేదో, ఏ యంత్రమున ఎట్టి కుదింపుతో నిలువచేసితిమో తెలుపు అయిదు పంక్తులు తెలుగున ముందు పెట్టిన చాలును. పట్టికలుగల పుస్తకములకు మాత్రము కుదించని మూలచ్ఛాయ నొకదానిని తప్పక దాచవలెను. చోటు ఎక్కువ పట్టునందురు. అంకె మారినచో మిగిలిన చోటుతో పనియేమి?

మిగిలిన పని రచయితలది. ఇంజనీర్లమీద నెట్టి తప్పించుకొన వీలులేదు. వికీసోర్స్ అను ఉమ్మడి గ్రంథాలయమున తెలుగుశాఖ కలదు. అందు ఛాయాపుట ఒకవైపును, దానినుండి ఎత్తి వ్రాసిన పాఠము మరియొకవైపును ఉండును. ఒకరు దిద్దినదానిని వేరొకరు సరిచూచిన పిమ్మటగాని ఆ పుట ఆమోదము పొందదు. పూర్వము ఒకరు చదువగా ఒకరు తాళపత్రము పట్టుకొని సరిచూచుకొన్న పద్ధతియే ఇది. కూర్చున్నవారు వేరువేరు ఊళ్ళవారు, అంతే. హక్కుల చిక్కును గూర్చి భయపడువారు కలరు. మన దేశమున రచయిత మరణించిన పిమ్మట అరువదేండ్లకు ఆ హక్కు ముగియును. పావులూరి గణితమునకు చేయి పెట్టిన పరిష్కర్త వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో స్వర్గస్థులైరి. 2011నుండి వారి రచనలు లోకమునకు చెందినవి.

అష్టావధానములలో సమస్యలు పూరింపగలవారు, యతిభంగమును దూరమునుండి పసిగట్టగలవారు మనలో నేటికిని కలరు. లెక్కలమాస్టర్లు ప్రతి ఊర కలరు. ఈ ఇరువురు ఒక బల్లయొద్ద కూర్చుండినచో మల్లన పుట ఒకటి ఒక సాయంకాలమున తెగును. యానాములోనో, పిఠాపురములోనో, పుదుచ్చేరిలోనో ఎవరైనను మొదలుపెట్టదలచినచో చదరంగపు పద్యమున్న పుటను ముందు తీసికొనవచ్చును. పండితుడు పదములను విడదీసి చెప్పవలెను. లెక్కలమాస్టరు కుడినుండి ఎడమకు ఇరువది అంకెలు వేసికొని, అరువదినాలుగు గళ్ళును రెట్టించి సరిచూడవలెను.